కారులోంచి చెత్త పడేసినందుకు పడిన జరిమానా కట్టే స్తోమత లేనప్పుడు: ఇంగ్లాండులో ఉంటున్న తెలుగువారికి

ఇంగ్లాండులో కారు కిటికీలోంచి టీ కప్పో, సిగరెట్ పీకో, చిప్స్ పొట్లమో రోడ్డు మీద పడేస్తే స్థానిక కౌన్సిల్ 500 పౌండ్ల వరకు జరిమానా వేయవచ్చు. 2023 జూలై 31కి ముందు ఈ గరిష్ఠ మొత్తం 150 పౌండ్లు మాత్రమే ఉండేది కాబట్టి, అంతకుముందు వచ్చిన సీనియర్లు చెప్పిన లెక్కను నమ్ముకుని కవరు విప్పినవారికి గుండె జారిపోతుంది. 500 పౌండ్లంటే మన రూపాయల్లో యాభై వేలు దాటుతుంది. వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదన్న షరతు మీద చదువుకుంటున్న విద్యార్థికి, 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన 12 పౌండ్ల 21 పెన్సుల కనీస వేతనం లెక్కన చూస్తే, అది దాదాపు రెండు వారాల సంపాదన. ఆ రెండు వారాల్లో అద్దె ఆగదు, తిండి ఆగదు.

ఈ వ్యాసం అలాంటి నోటీసు చేతిలో పెట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చున్నవారి కోసం. ఇందులో చెప్పే నిబంధనలు ఇంగ్లాండుకు సంబంధించినవి. వేల్స్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో పద్ధతులు, మొత్తాలు వేరుగా ఉంటాయి కనుక అక్కడ ఉంటున్నవారు నోటీసు మీద రాసి ఉన్న చట్టాన్ని బట్టి స్థానికంగా సలహా తీసుకోవాలి.

నాకు తమ్ముడి వరుస అయిన ఒక విద్యార్థికి ఈ నోటీసు వచ్చినప్పుడు నేను దగ్గరుండి చూశాను. కారు అతని పేరు మీద ఉండేది, నలుగురు రూమ్మేట్లు పెట్రోలు ఖర్చు పంచుకుని వాడుకునేవారు. వెనక సీట్లో కూర్చున్నవాడు ఖాళీ కాఫీ కప్పు బయటికి విసిరాడు. నోటీసుతో పాటు వచ్చిన ఫొటోలో కారు నంబరు ప్లేటు స్పష్టంగా ఉంది, కుడి వైపు వెనక అద్దం సగం దించి ఉంది, దాని పక్కన గాలిలో తెల్లటి కప్పు ఉంది. ఆ కవరును అతను పదహారు రోజులు బియ్యం డబ్బా మీద అలాగే ఉంచేశాడు. త్వరగా కడితే ఇచ్చే రాయితీ అప్పటికే గడువు దాటిపోయింది. నేను మొదట చెప్పదలచిన మాట కూడా ఇదే. ఈ జరిమానా అతి తక్కువగా ఉండేది, మీ మాటకు విలువ అతి ఎక్కువగా ఉండేది కవరు వచ్చిన మొదటి రెండు వారాల్లోనే. కట్టలేని స్థితిలో ఉన్న మనిషి చేయగల అతి ఖరీదైన పని మౌనంగా ఉండడం.

ముందు అది ఏ రకం కాగితమో తేల్చుకోవాలి

చూడడానికి ఒకేలా ఉండే రెండు రకాల నోటీసులు ఉన్నాయి. వాటి దారులు పూర్తిగా వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మొదటిది ఫిక్స్‌డ్ పెనాల్టీ నోటీసు. 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టంలోని 87వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో చెత్త పడేయడం నేరం. దానికి కోర్టు 2,500 పౌండ్ల వరకు జరిమానా వేయగలదు. ఆ కేసు పెట్టకుండా ఉండేందుకు 88వ సెక్షన్ కింద కౌన్సిల్ ఇచ్చే అవకాశమే ఈ నోటీసు. చెత్త పడేసిన మనిషి ఎవరో అధికారికి తెలిసినప్పుడు, ఆ మనిషి పేరు మీదే దీన్ని ఇస్తారు. దీని మీద 14 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు కడితే విషయం అక్కడితో ముగుస్తుంది, నేరం రుజువైనట్టు లెక్క కాదు. కట్టకపోతే కౌన్సిల్ మేజిస్ట్రేట్ కోర్టులో కేసు వేయవచ్చు. అందుకు దానికి సంఘటన జరిగిన రోజు నుంచి ఆరు నెలల సమయం ఉంటుంది. ఈ నోటీసు మీద అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో లేదు. తప్పు చేయలేదని నమ్మేవారు కట్టకుండా ఉండి, కోర్టులో తమ వాదన వినిపించుకోవాలి.

రెండోది వాహనం కీపరుకు వచ్చే సివిల్ పెనాల్టీ నోటీసు. 2018 ఏప్రిల్ 1 నుంచి లండన్ వెలుపలి కౌన్సిళ్లకు ఈ అధికారం వచ్చింది. లండన్‌లో ఇది 2007 నాటి లండన్ స్థానిక సంస్థల చట్టం కింద నడుస్తుంది. కారులోంచి చెత్త పడిందని తెలిసి, పడేసింది ఎవరో తెలియనప్పుడు, కారు ఎవరి పేరు మీద ఉందో వారికే ఈ నోటీసు వస్తుంది. కప్పు విసిరింది మీరా, మీ రూమ్మేటా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఇది నేరం కాదు, కౌన్సిల్‌కు మీరు పడిన బాకీ వంటిది. నేర విచారణలో అనుమానానికి తావు లేకుండా రుజువు చేయాలి, దీనిలో జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అని తేలితే సరిపోతుంది. కట్టడానికి 28 రోజులు ఉంటాయి, లండన్ వెలుపల ఆ గడువు దాటితే మొత్తం రెట్టింపు అవుతుంది. 500 పౌండ్ల నోటీసు వెయ్యి పౌండ్లవుతుంది. అయితే దీనికి కౌన్సిల్ ముందు అభ్యంతరం తెలిపే హక్కు, ఆ తర్వాత స్వతంత్ర ట్రైబ్యునల్‌కు వెళ్లే హక్కు కూడా ఉన్నాయి.

కాబట్టి కవరు విప్పగానే జరిమానా మొత్తం కంటే ముందు మూడు విషయాలు చూడండి. ఏ చట్టం, ఏ సెక్షన్ పేరు రాశారో, నోటీసు మీద ఏ తేదీ ఉందో, మిమ్మల్ని పడేసిన మనిషిగా పేర్కొన్నారో లేక కీపరుగా పేర్కొన్నారో చూడండి. ఆ తేదీ నుంచి లెక్కపెట్టి రాయితీ గడువును, అసలు గడువును ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి. రాయితీ ఇవ్వడం కౌన్సిల్ ఇష్టం. ఇచ్చేచోట సాధారణంగా పది లేదా పద్నాలుగు రోజులు గడువు ఉంటుంది. రాయితీ తీసేశాక కూడా మొత్తం 50 పౌండ్లకు తగ్గకూడదన్నది నిబంధన.

మరో మాట. ఫోన్‌కు మెసేజ్ రూపంలో వచ్చి, లింకు నొక్కి వెంటనే డబ్బు కట్టమనే జరిమానాలు నమ్మదగినవి కావు. కాగితం మీద ఉన్న కౌన్సిల్ పేరును మీరే వెతికి, దాని అధికారిక సైటులో నోటీసు నంబరు కొట్టి చూసుకున్నాకే కట్టండి.

నోటీసు సరిగ్గా ఉందా లేదా

డబ్బు లేదని రాయడానికి ముందు, అసలు ఆ డబ్బు మీరు బాకీ ఉన్నారా అన్నది చూసుకోవడం న్యాయం. ఫొటో లేదా వీడియో జతచేయకపోతే పంపమని అడగండి. అందులో ఉన్నది మీ కారేనా, నంబరులో ఒక అక్షరం తప్పుగా చదివారా, సమయం, స్థలం సరిపోతున్నాయా అని పోల్చి చూడండి. ఆ సమయానికి మీరు షిఫ్టులో ఉంటే, కారు ఇంటి ముందే ఉంటే దానికి ఆధారం వెతకండి.

కీపరు నోటీసు విషయంలో చట్టం గుర్తించే అభ్యంతరాలు కొన్ని స్పష్టంగా ఉన్నాయి. ఆ రోజుకు ముందే కారు అమ్మేసి ఉండడం, ఆ తర్వాతే కొని ఉండడం, దొంగతనానికి గురై ఉండడం, అదే చెత్తకు సంబంధించి అసలు పడేసిన మనిషికే జరిమానా వేసి ఉండడం వంటివి వాటిలో ఉన్నాయి. అద్దె కారైతే కంపెనీ ఒప్పంద పత్రం చూపి బాధ్యతను అద్దెకు తీసుకున్నవారి మీదకు మార్చవచ్చు. అప్పుడు కంపెనీ వేసే సేవా రుసుము కూడా మీ కార్డు మీదే పడుతుంది. లైసెన్సున్న టాక్సీలో ప్రయాణికుడు పడేసిన చెత్తకు టాక్సీ కీపరు బాధ్యుడు కాడు. టాక్సీ నడుపుతున్న మనవారు చాలామంది ఉన్నారు కనుక ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అభ్యంతరం నోటీసు వచ్చిన 28 రోజుల్లోపు రాతపూర్వకంగా పంపాలి. కౌన్సిల్ తిరస్కరిస్తే, ఆ తిరస్కరణ వచ్చిన 28 రోజుల్లోపు లండన్ వెలుపల ట్రాఫిక్ పెనాల్టీ ట్రైబ్యునల్‌కు, లండన్‌లో లండన్ ట్రైబ్యునల్స్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలుకు రుసుము లేదు, లాయరు అవసరం లేదు. అభ్యంతరం పరిశీలనలో ఉన్నంత కాలం రెట్టింపు వేయబోమన్న మాటను కౌన్సిల్ నుంచి ఈమెయిల్‌లో అడిగి తీసి పెట్టుకోండి.

"మాది పండు తొక్కే కదా, మట్టిలో కలిసిపోతుంది కదా" అనేది నిలిచే వాదన కాదు. సిగరెట్ పీకలు, చూయింగ్ గమ్ కూడా చెత్తేనని 2005లో చట్టం చేసి మరీ స్పష్టం చేశారు. అలాగే, తప్పించుకోవడానికి అధికారికి తప్పుడు పేరో, పాత చిరునామానో చెప్పడం మరో కొత్త నేరం. మీరు పడేసినదాన్ని ఇంకొకరి మీదకు నెట్టకండి. పరాయి దేశంలో ఒకరికొకరు తోడుగా ఉన్న ఇంట్లో ఆ అబద్ధం నష్టం 500 పౌండ్లతో తీరేది కాదు. రూమ్మేటు పడేసి ఉంటే కూర్చోబెట్టి మాట్లాడి, కట్టే మొత్తంలో అతని వాటా ఎంతో ఆ రోజే తేల్చుకోండి.

కట్టలేనని రాయడం ఎలా

నోటీసు సరైనదే, చేతిలో డబ్బు లేదు. అత్యధికుల పరిస్థితి ఇదే. ఫిక్స్‌డ్ పెనాల్టీని వాయిదాల్లో తీసుకోవాలన్న నిర్బంధం కౌన్సిల్‌కు లేదు. అందువల్ల కొన్ని కౌన్సిళ్ల సైటుల్లో "వాయిదాలు అంగీకరించబడవు" అని మొహం మీద కొట్టినట్టు రాసి ఉంటుంది. అయినా అడగాలి. గడువు పెంచడానికి, రాయితీ మొత్తాన్ని ఆలస్యంగానైనా తీసుకోవడానికి, విడతలుగా తీసుకోవడానికి వారికి విచక్షణ ఉంది. ఈ జరిమానాలను ఆదాయ మార్గంగా వాడకూడదని ప్రభుత్వం కౌన్సిళ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. చాలా చోట్ల ఈ పనిని కౌన్సిల్ తరఫున ప్రైవేటు సంస్థలు చేస్తాయి. ఆ సంస్థ ఫోన్‌లో కుదరదని చెప్పేస్తే అక్కడితో ఆగకుండా, కౌన్సిల్‌లో పర్యావరణ అమలు విభాగానికి నేరుగా రాయండి. నోటీసు ఇచ్చే అధికారం, వెనక్కి తీసుకునే అధికారం చివరికి కౌన్సిల్‌వే.

ఫోన్ కంటే ఈమెయిల్ మేలు. ఫోన్ చేసినా, మాట్లాడినవారి పేరు, సమయం రాసుకుని, "ఇందాక ఫోన్‌లో మీరు చెప్పింది ఇది" అని అదే రోజు ఈమెయిల్ పంపండి. లేఖ పొడవుగా ఉండనక్కర్లేదు. నేను ఆ తమ్ముడితో కూర్చుని రాయించిన లేఖ సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది:

"నోటీసు నంబరు ఫలానా, తేదీ ఫలానా. నా కారులోంచి కప్పు పడిందని నేను ఒప్పుకుంటున్నాను, అందుకు చింతిస్తున్నాను. నేను జరిమానా కట్టడానికి సిద్ధంగా ఉన్నాను, కానీ మొత్తం ఒకేసారి కట్టలేను. నేను పూర్తికాల విద్యార్థిని. వీసా షరతు ప్రకారం చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయగలను. నెలకు నాకు వచ్చేది సుమారు 900 పౌండ్లు. అద్దె 450, తిండి 160, బస్సు పాసు 70, ఫోను, ఇంటర్నెట్ 25, ఇంటికి తిరిగి కట్టాల్సిన చదువు అప్పు వడ్డీ 130. మిగిలేది 65 పౌండ్లు. అందులోంచి నెలకు 50 పౌండ్లు కట్టగలను, మొదటి విడత ఈ శుక్రవారమే కడతాను. గత మూడు నెలల పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, అద్దె ఒప్పందం జతచేశాను. మీరు జవాబిచ్చే వరకు తదుపరి చర్య ఆపి ఉంచవలసిందిగా, రాయితీ మొత్తానికే ఈ విడతలను అంగీకరించవలసిందిగా కోరుతున్నాను."

ఈ లేఖలో పనిచేసేది బతిమాలడం కాదు, లెక్క. నెలకు 65 మిగిలే మనిషి 50 ఇస్తానంటే నమ్ముతారు, 200 ఇస్తానంటే నమ్మరు. నమ్మి ఒప్పుకున్నా రెండో నెలలోనే మీరు తప్పుతారు. ఒకసారి విడత తప్పితే ఆ ఏర్పాటు రద్దవుతుంది. అందుకని మీరు ఇవ్వగలిగినదాని కంటే కాస్త తక్కువకే ఒప్పుకోండి. చదువు అప్పు వడ్డీ ఊళ్లో నాన్న కడుతున్నారు కదా అని దాన్ని లెక్కలోంచి తీసేయకండి. మీరు పంపే డబ్బుతోనే ఆయన కడుతుంటే అది మీ ఖర్చే, పంపిన రసీదు చూపండి. అనారోగ్యం, గర్భం, ఉద్యోగం పోవడం, ఇంట్లో చావు వంటివి ఉంటే రెండు వాక్యాల్లో చెప్పి, కాగితం జతచేయండి. సిగ్గుపడి దాచుకోవలసిన విషయాలు కావవి.

లేఖలో తప్పు ఒప్పుకోవడం గురించి ఒక జాగ్రత్త. ఫిక్స్‌డ్ పెనాల్టీ నోటీసు మీద వాదించాలనుకునేవారు అలా రాయకూడదు, ఎందుకంటే కేసు కోర్టుకు వెళితే ఆ లేఖ అక్కడ కనబడుతుంది. తప్పు జరిగిందని మీకు తెలిసి, కట్టాలనే ఉద్దేశంతో ఉన్నప్పుడే ఒప్పుకోండి.

కీపరు నోటీసు విషయంలో డబ్బు లేదన్న ఒక్క కారణంతో ట్రైబ్యునల్ అప్పీలు గెలవడం దాదాపు జరగని పని. ట్రైబ్యునల్ చూసేది నోటీసు చట్టబద్ధమా కాదా అన్నదే. కనుక మీ ఆర్థిక స్థితి గురించిన మాట కౌన్సిల్ దగ్గరే, 28 రోజుల్లోపే చెప్పాలి. రెట్టింపు అయ్యాక 1,000 పౌండ్లను నెలకు 50 చొప్పున తీర్చడానికి ఇరవై నెలలు పడుతుంది. అప్పటికి చాలామంది వీసా కాలమే ముగుస్తుంది.

ఆ తమ్ముడి విషయంలో మొదటి జవాబు రెండే వరుసల్లో వచ్చింది, వాయిదాలు కుదరవని. రాసింది మనిషి చదివారా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. అదే లేఖను ఆధారాలతో సహా కౌన్సిల్ అధికారికి నేరుగా, వార్డు కౌన్సిలర్‌కు కాపీ పెట్టి మళ్లీ పంపాం. రాయితీ తిరిగి ఇవ్వలేదు గానీ, మొత్తాన్ని నాలుగు నెలల్లో కట్టడానికి ఒప్పుకున్నారు. వార్డు కౌన్సిలర్ అంటే మన దగ్గర కార్పొరేటర్ లాంటివారు. ఓటు లేకపోయినా ఆ వార్డులో నివసించేవారు ఎవరైనా రాయవచ్చు, వారి పేర్లు కౌన్సిల్ సైటులో ఉంటాయి.

కోర్టు కాగితం వస్తే

ఇది ఫిక్స్‌డ్ పెనాల్టీ నోటీసు కట్టనివారి దారి. సమన్లు రావచ్చు, లేదా సింగిల్ జస్టిస్ ప్రొసీజర్ నోటీసు రావచ్చు. ఈ రెండో దానిలో ఒకే మేజిస్ట్రేటు న్యాయ సలహాదారు సాయంతో కాగితాలు చూసి తేలుస్తారు. దానికి 21 రోజుల్లోపు నేరం ఒప్పుకుంటున్నారా లేదా అని జవాబివ్వాలి. జవాబుతో పాటు ఆదాయ వివరాల ఫారం ఉంటుంది, దాని పేరు ఎంసీ100. దయచేసి ఆ ఫారం నింపండి. నింపకపోతే కోర్టు మీ ఆదాయాన్ని తానే ఊహిస్తుంది, ఆ ఊహ విద్యార్థి ఆదాయం కంటే ఎక్కువగానే ఉంటుంది.

ఇంగ్లాండు కోర్టుల్లో జరిమానాను నేరం తీవ్రతతో పాటు మనిషి ఆర్థిక స్థితిని కూడా చూసే నిర్ణయిస్తారు. వారపు ఆదాయాన్ని ఆధారంగా చేసుకుని బ్యాండ్లు ఉంటాయి. 'A' బ్యాండులో మొదలుపెట్టే అంకె వారపు ఆదాయంలో సగం, 'B' బ్యాండులో వారపు ఆదాయం మొత్తం, 'C' బ్యాండులో ఒకటిన్నర రెట్లు. మొదటి అవకాశంలోనే నేరం ఒప్పుకుంటే మూడో వంతు తగ్గిస్తారు. వారానికి 244 పౌండ్లు వచ్చే విద్యార్థికి 'A' బ్యాండు వేశారనుకుంటే 122, ఒప్పుకున్నందుకు తగ్గించాక 81. దానికి 40 శాతం బాధితుల సర్‌ఛార్జి 33 పౌండ్ల దాకా కలుస్తుంది. మొత్తం 114.

ఈ లెక్క చూసి "కోర్టుకు పోతేనే లాభం కదా" అనుకునేవారు ఉంటారు. ఆ మాట నేను విన్నాను కూడా. పైన చెప్పిన దానికి కౌన్సిల్ వేసే కేసు ఖర్చులు కలుస్తాయి, అవి జరిమానాను మించిపోవచ్చు. ఏ బ్యాండు వేస్తారన్నది మీ చేతిలో లేదు. అన్నిటికీ మించి, చివరికి మిగిలేది నేర నిర్ధారణ. నిజంగా కట్టలేక కోర్టుదాకా వచ్చినవారికి ఈ ఆదాయం లెక్క రక్షణ. కట్టగలిగినవారు పందెంగా ఆడవలసినది కాదు.

కోర్టు వేసిన జరిమానాను కూడా వాయిదాల్లో కట్టవచ్చు. ఆదాయం పడిపోతే కోర్టు జరిమానాల విభాగానికి రాసి వాయిదా తగ్గించమని అడగవచ్చు. అయితే దీన్ని ఏ అప్పు కంటేనైనా ముందు తీర్చాలి. క్రెడిట్ కార్డు బాకీ ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. కోర్టు జరిమానా ఎగ్గొడితే జీతంలోంచి కోత పడుతుంది, బెయిలిఫ్‌లు (బాకీ వసూలు చేసే అధికారులు) వస్తారు, కావాలనే ఎగ్గొట్టారని తేలితే జైలు కూడా ఉంది. బెయిలిఫ్ ఇంటికి వస్తే, సివిల్ బాకీ అయితే మొదటిసారి తలుపు బద్దలుకొట్టే అధికారం వారికి లేదు, మీరు లోపలికి రానివ్వనక్కర్లేదు. కోర్టు జరిమానా అయితే చివరి చర్యగా బలవంతంగా లోపలికి వచ్చే అధికారం ఉంది. రెండు సందర్భాల్లోనూ తలుపు వెనక నుంచే కాగితం అడిగి చదివి, అదే రోజు సలహా కేంద్రానికి ఫోన్ చేయండి.

ఇల్లు మారినందువల్ల కోర్టు కాగితం అందనేలేదు, మీకు తెలియకుండానే శిక్ష పడింది అనుకుందాం. సంగతి తెలిసిన 21 రోజుల్లోపు కోర్టులో స్టాట్యుటరీ డిక్లరేషన్, అంటే కేసు సంగతి తెలియలేదన్న ప్రమాణ పత్రం ఇస్తే ఆ తీర్పు రద్దయి, కేసు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. గది మారిన ప్రతిసారీ బండి పత్రం వీ5సీ మీద, డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా మార్చుకోవాలి. మార్చడం ఉచితం, మార్చకపోతే 1,000 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. మనవాళ్లు ఏడాదికి రెండు మూడు ఇళ్లు మారుతుంటారు కాబట్టి, నోటీసు పాత ఇంటి గుమ్మం దగ్గరే ఉండిపోయి రెట్టింపైన ఉదంతాలే ఎక్కువ.

వీసా భయం

ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేవారిలో సగం మంది భయం డబ్బు గురించి కాదు, వీసా గురించి. ఫిక్స్‌డ్ పెనాల్టీని గడువులోపు కడితే అది నేర నిర్ధారణ కాదు. కీపరు నోటీసు అసలు నేరానికి సంబంధించినదే కాదు. కోర్టులో నేరం రుజువై జరిమానా పడితే మాత్రం అది నేర నిర్ధారణే. తర్వాతి వీసా దరఖాస్తులో అడిగినప్పుడు చెప్పి తీరాలి. చెత్త పడేసినందుకు పడిన చిన్న జరిమానా కంటే, దాన్ని దాచిపెట్టిన దరఖాస్తు వీసాకు చాలా పెద్ద ప్రమాదం. కోర్టుదాకా వెళ్లినవారు దరఖాస్తుకు ముందు ఒకసారి ఇమ్మిగ్రేషన్ సలహా తీసుకోండి.

ఎవరిని అడగాలి, ఎవరిని అడగకూడదు

సిటిజన్స్ అడ్వైస్ కార్యాలయాలు ఉచితంగా సలహా ఇస్తాయి, లేఖ రాయడంలో సాయం చేస్తాయి. అప్పుల భారం ఇంకా ఉంటే నేషనల్ డెట్‌లైన్, స్టెప్‌చేంజ్ అనే సంస్థలు ఫోన్‌లోనే మీ నెల లెక్క వేసి ఇస్తాయి, రుసుము తీసుకోవు. వాటి నెలవారీ బడ్జెట్ పత్రం జతచేసిన లేఖకు కౌన్సిల్ దగ్గర విలువ ఎక్కువ. విద్యార్థులైతే స్టూడెంట్స్ యూనియన్ సలహా విభాగానికి వెళ్లండి, ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థులకు విశ్వవిద్యాలయం ఇచ్చే హార్డ్‌షిప్ ఫండ్‌కు దరఖాస్తు చేయండి. ఆ నిధి విశ్వవిద్యాలయానిది, ప్రభుత్వ నిధులు తీసుకోకూడదని వీసా మీద ఉండే షరతు దానికి అడ్డు రాదు. కౌన్సిల్‌ను వాయిదాలు అడగడం కూడా ఆ షరతు కిందకు రాదు. కౌన్సిల్ ఇచ్చే కౌన్సిల్ టాక్స్ తగ్గింపు వంటివి మాత్రం ఆ షరతు కిందకు వస్తాయి కనుక, సాయం పేరుతో ఎవరైనా ఆ ఫారం ఇస్తే సంతకం పెట్టేముందు అడిగి తెలుసుకోండి.

జరిమానా కోసం పే డే లోన్ (జీతం వచ్చేదాకా అధిక వడ్డీకి ఇచ్చే చిన్న అప్పు) తీసుకోకండి. క్రెడిట్ కార్డు మీద నగదు తీయకండి. ఇరవై గంటల పరిమితి దాటి, చేతికి నగదు ఇచ్చే పనికి ఒప్పుకోకండి. 500 పౌండ్ల బాకీ కోసం వీసా షరతునే మీరితే, చిన్న కష్టం కోసం చదువునే పణంగా పెట్టినట్టవుతుంది. ఇంట్లో అడగగలిగితే అడగండి, ఊళ్లో మళ్లీ వడ్డీకి తేవలసి వస్తుందంటే మాత్రం ముందు ఇక్కడి దారులన్నీ చూశాకే అడగండి. అమ్మానాన్నలకు నిజం చెప్పడం వేరు, వారిని అప్పులోకి దింపడం వేరు.

విడతలు మొదలయ్యాక ప్రతిసారీ నోటీసు నంబరు రాసే డబ్బు పంపండి, బ్యాంకు రసీదు స్క్రీన్‌షాట్ తీసి ఒకే ఫోల్డరులో ఉంచండి. ఒక నెల షిఫ్టులు తగ్గి కట్టలేమనిపిస్తే గడువు తేదీకి ముందే రాయండి. చివరి విడత కట్టిన రోజే, ఈ నోటీసు మీద ఇక బాకీ ఏమీ లేదని రాతపూర్వకంగా తెలియజేయమని కౌన్సిల్‌ను అడగండి. ఆ జవాబు వచ్చే వరకు ఫోల్డరును తొలగించకండి. ఆ తమ్ముడికి అది మూడు వారాలకు, రెండుసార్లు గుర్తుచేశాక వచ్చింది. ప్రింటు తీసి పాస్‌పోర్టు కవరులో పెట్టుకున్నాడు.